తప్పుల పుస్తకంలో చివరి పేజీ

"బీరువా మీద చూశావా అమ్మాయ్?"

"చూశాను అత్తయ్యా."

"మంచం కింద?"

"మంచం కింద చూశాను, పరుపు కింద చూశాను. ఇక మంచం విప్పదీసి చూడటమొక్కటే మిగిలింది."

అత్తగారు మరి మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. మామూలుగా అయితే ఒంట్లో బాగాలేదేమోనని కొడుకు, కోడలు పరుగెత్తుకొస్తారు. ఈ పూట మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఊళ్లో అందరూ టీచరమ్మ అనే ఆ కోడలు టేబుల్ సొరుగు మూడోసారి లాగింది. పనికిరాని చార్జర్లు, విరిగిన కళ్లజోడు, ఏ తాళానివో తెలియని రెండు తాళంచెవులు. నీలం అట్ట నోటుపుస్తకం మాత్రం లేదు. "లేని ఫైలును ఎన్నిసార్లు వెతికినా రాదర్రా" అని బళ్లో కంప్యూటర్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలతో రోజూ అనేది ఆమే. అయినా నాలుగోసారి లాగింది.

భర్త కిటికీ దగ్గర నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. కొత్త చొక్కా. జేబు మీద, ఇవాళ్టి సభ పెడుతున్న ప్రోగ్రాముల కంపెనీ గుర్తు కుట్టి ఉంది. ఒకే గుండీ పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం.

"పుస్తకం మీరేమైనా చూశారా?" అని గోడగడియారాన్ని అడిగింది ఆమె.

మూడు రోజులుగా ఆ ఇంట్లో 'మీరు' నడుస్తోంది. పెళ్లికి ముందు రెండేళ్లు, పెళ్లయ్యాక ఆరేళ్లు, ఆయన ఆమెకు 'నువ్వే'. బుధవారం నాడు ఈ సభ ఆహ్వానపత్రం చేతికి వచ్చింది. పైన కంపెనీ పేరు అరచేతి మందాన ఉంది, కింద వీళ్ల 'శనివారం గది' పేరు చీమ తలకాయంత ఉంది, ఆ గదిలోని కుర్చీ ఊసే లేదు. అప్పట్నుంచి మర్యాద మొదలైంది. మొగుడూ పెళ్లాల మధ్య మర్యాద ముదిరితే పోట్లాట కంటే ప్రమాదం.

"ఏ పుస్తకం?"

"మనింట్లో ఎన్ని తప్పుల పుస్తకాలున్నాయి?"

"ఉంటుందిలే ఎక్కడో. నన్నడుగుతావేం? నేనేమైనా తిన్నానా?"

ఆయన తిన్నాడని ఎవరూ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి జేబు మీద గుర్తును తడిమింది. అత్తగారు అది చూసింది. కోడలూ చూసింది.

అంతలో ఫోను మోగింది. చేతులు దుమ్ముగా ఉన్నాయని టీచరమ్మ ఫోను బల్ల మీదే ఉంచి స్పీకర్ నొక్కింది. టైలరక్క.

"టీచరమ్మా, ఒక్క మాట అడగనా? నా కొలతల ప్రోగ్రాం పోయిన సంగతి నువ్వు ఎవరితోనైనా అన్నావా?"

"లేదక్కా. ఎవరితో అంటాను?"

"ఇందాక ఎవరో అమ్మాయి ఫోను చేసింది. గొంతు తేనె పోసినట్టుంది. 'మేడమ్, మీ దగ్గర పెళ్లిబట్టల కొలతలు పోయాయట కదా, పెళ్లివారొచ్చి నానా మాటలు అన్నారట కదా, మా కంపెనీ ప్రోగ్రాం తీసుకుంటే ఇక పోవు' అంది. ఆ సంగతి మా ఆయనకే చెప్పలేదమ్మా నేను. మీ కుర్చీలో కూచుని, మీ పదిమంది ముందే చెప్పాను."

టీచరమ్మ సొరుగు వదిలేసి ఫోను మీదికి వంగింది.

"నిన్ననడం లేదు" అంది టైలరక్క. "మరి ఇంకెవర్ని అడగను? అందుకని నిన్నే అడిగాను."

"పదింటికి హాలు దగ్గరికి వస్తావుగా అక్కా? మాట్లాడదాం."

"వస్తాను. కానీ ఏమీ చెప్పను తల్లీ. విని వెళ్లిపోతాను."

టైలరక్క ఫోను పెట్టేసింది. తిట్టినా బాగుండేదనిపించింది టీచరమ్మకు.

ఎనిమిదేళ్లుగా గ్రంథాలయం మేడమీది గదిలో శనివారం శనివారం జనం కూడుతున్నారు. ప్రోగ్రాములు రాసేవాళ్లు కొందరు, ఆ ప్రోగ్రాములతో బతుకు నెట్టుకొచ్చేవాళ్లు కొందరు. వచ్చినవాళ్లు ఎవరైనా ముందు ఆ చెయ్యి విరిగిన చెక్క కుర్చీలో కూర్చుని, 'ఈ వారం నేను చెడగొట్టింది' అంటూ మొదలుపెట్టాలి. గొప్పలు చెప్పుకోడానికి ఆ కుర్చీ పనికిరాదు. సరుకు అమ్ముకోడానికి అసలే పనికిరాదు. విన్నవాళ్లు నవ్వకూడదు, తిట్టకూడదు. 'ఎలా బాగుచేద్దాం?' అని మాత్రం అడగాలి. అడిగినవాళ్లు పక్కన కూర్చుని బాగుచెయ్యాలి. ఎవరు, వాళ్ల ఫోను నంబరేమిటి, ఏం చెడింది, ఎలా బాగయింది అని టీచరమ్మ ఆ నీలం పుస్తకంలో రాసుకునేది. గదిలో మాట గది దాటకూడదన్నది కట్టుబాటు.

భర్తను ఆమె మొదటిసారి చూసింది ఆ కుర్చీలోనే. ఆస్పత్రిలో కంప్యూటర్ల తీగలు చూసే ఉద్యోగం ఆయనది. తేలు కుట్టిన దొంగలా వచ్చి కూర్చుని, "ఈ వారం నేను చెడగొట్టింది ఆస్పత్రి మొత్తం" అన్నాడు. ఏదో తీగ ఎక్కడో తప్పు పెట్టాడు, మూడంతస్తులు ఆగిపోయాయి, నింద ఇంకొకడి మీద పడింది. "ఎలా బాగుచేద్దాం?" అని అందరికంటే ముందు అడిగింది ఆమె. ఇద్దరూ బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చి ఆస్పత్రి తీగల పటం వేశారు. తీగ దొరికింది, నింద పడ్డవాడికి క్షమాపణ దొరికింది. ఆ అగ్గిపుల్లల పటాన్ని మాత్రం ఇద్దరూ నెల రోజుల పాటు ఎవర్నీ ఊడవనివ్వలేదు.

తర్వాత ఆయన ఆ గదికి సెక్రటరీ అయ్యాడు. ప్రతి ఆదివారం ఆ పుస్తకం ముందేసుకుని, పేర్లన్నీ తీసేసి, తప్పులు, వాటి మరమ్మతులు మాత్రం కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. ఒకడి తప్పు పదిమందికి పాఠం కావాలి గానీ ఆ పేరుతో పనేముంది అనేవాడు. ఆ మాటన్న మనిషి కోసమే ఈ మధ్య ఆమె వెతుక్కుంటోంది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఎదురుగా కూర్చున్న మనిషి కోసం.

నాలుగు వారాల కిందట పెద్ద వాన. గదికి ఒక్కరూ రాలేదు. ఆయన కంపెనీవాళ్ల విందుకు వెళ్లాడు. ఆమె ఒక్కతే పదకొండింటి దాకా కూర్చుని, చివరికి పుస్తకం ఆఖరి పేజీ తిప్పి ఆయనకు నాలుగు ముక్కలు రాసింది. నోటితో అడగలేనిది కాగితం మీద అడిగింది. ఆదివారం ఎక్కించేటప్పుడు చూస్తాడని పుస్తకం ఆయన టీ పక్కన పెట్టింది. ఆయన టీకప్పు ఎత్తి పుస్తకం మీద పెట్టుకున్నాడు. ఆ వారమూ అంతే, తర్వాత వారమూ అంతే. నీలం అట్ట మీద గుండ్రటి మరకలు పెరిగాయి గానీ పుస్తకం తెరుచుకోలేదు.

ఇప్పుడు ఆ పుస్తకమే లేదు.

"ఇచ్చేశారా?" అందామె.

ఆయన పెట్టిన గుండీ మళ్లీ తీశాడు.

"మిమ్మల్నే."

"ఆహ్వానాలు పంపడానికి పేర్లు, నంబర్లు కావాలన్నారు. కంప్యూటర్లో పేర్లుండవు కదా. పుస్తకంలోనే ఉన్నాయి. చూసుకుని రెండు రోజుల్లో ఇచ్చేస్తామన్నారు."

"పేర్లు ఒక కాగితం మీద రాసివ్వలేకపోయారా?"

"నాలుగొందల పేర్లు! ఎప్పుడు కూచుని రాయను?"

"ఇదివరకు రాసేవారు. ప్రతి ఆదివారం."

"ఇదివరకు, ఇదివరకు! ఇదివరకు మనకో గది ఉండేది" అని గొంతు పెంచాడు. "వచ్చే నెల ఆ మేడ గదికి తాళం వేస్తారు. నీకు తెలుసు. కాళ్లరిగేలా తిరిగాను. ఒక్కడైనా గది ఇచ్చాడా? వీళ్లు హాలిచ్చారు, మైకిచ్చారు, భోజనం పెడుతున్నారు. నాలుగు గోడలు లేకపోతే నీ కుర్చీ ఎక్కడ వేస్తావు? నడివీధిలోనా?"

"నడివీధిలో వేస్తే, కనీసం అది నడివీధని తెలిసి నోరు విప్పుతారు."

ఆయన తిరిగిన మాట నిజమే. అరిగిన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఆమెకు ఆయన మీద కోపం ఎంత వచ్చిందో, జాలీ అంతే వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏడవాలో అరవాలో తెలియక సొరుగు మూస్తుంది. ఆమె అదే చేసింది.

అత్తగారు ఇక ఉండబట్టలేకపోయింది. "ఒరేయ్, ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. నాలుగొందల ఇళ్ల గుట్టు పట్టుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టొచ్చావట్రా?"

"అమ్మా, నువ్వూరుకో."

"ఇందాకట్నుంచీ ఊరుకునే ఉన్నాను కదా. అందుకే కాబోలు నాకు నడుం నొప్పి మొదలైంది."

ఎవరూ నవ్వలేదు. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. "ఈరోజే అడిగి తెచ్చేస్తాను. సరేనా?" అన్నాడు గుమ్మం వైపు తిరిగి.

'చివరి పేజీ చూశావా?' అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. చూడలేదంటే ఏం చెయ్యాలి? చూసి ఊరుకున్నానంటే ఏం చెయ్యాలి? రెండోదే భయం వేసింది. ఆమె అడగలేదు, ఆయన వెళ్లిపోయాడు.

హాలు గుమ్మం దగ్గర ఇద్దరు అమ్మాయిలు నవ్వు ముఖాలతో నిలబడి, వచ్చినవాళ్ల ఫోనుల్లో ఏదో గుర్తు చూసి లోపలికి పంపుతున్నారు. లోపల చల్లగా, వెలుగుగా ఉంది. కుర్చీలన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు.

మేడమీది గది నుంచి తెచ్చిన చెక్క కుర్చీ మాత్రం బయట వరండాలో, చెత్తబుట్ట పక్కన ఉంది. దాని మీద ఫ్యూజు బాబాయి కూర్చుని ఉన్నాడు. కరెంటు పని చేస్తాడు. ముక్కు మీద కోపం, అది కూడా టక్కున పోతుంది, అందుకని ఆ పేరు.

"లోపలికి వెళ్లలేదేం బాబాయ్?"

"నా ఫోనులో గుర్తు రాదటమ్మా. నాది బొత్తాల ఫోను కదా. ఎనిమిదేళ్లుగా వస్తున్నానంటే, 'మీ పేరు ఉంది సార్, ఫోనే లేదు' అంటారు. పేరున్న మనిషి బయటా, ఫోనున్న మనిషి లోపలా!" అన్నాడు. "సరే, మన కుర్చీ ఒంటరిగా ఉంది కదా అని తోడు కూచున్నాను."

ఆమె వరండా గచ్చు మీద చతికిలబడింది. కాసేపటికి టైలరక్క వచ్చింది. లోపలికి తొంగి చూసింది, వీళ్లని చూసింది, స్తంభానికి ఆనుకుని దూరంగా నిలబడింది. తర్వాత మందుల షాపు గుమస్తా వచ్చాడు. ఆయనకూ ఫోను వచ్చిందట. తప్పు మందు ఇచ్చిన సంగతి ఎత్తారట. ఒకరొకరుగా ఏడెనిమిది మంది పోగయ్యారు. ఎవరూ టీచరమ్మను ఏమీ అనలేదు. కానీ ఎవరూ పక్కన కూడా కూర్చోలేదు.

లోపల్నుంచి కంపెనీ మనిషి బయటికొచ్చాడు. శనివారం గదిలో అందరూ ఆయనకు చిరునవ్వు అని పేరు పెట్టారు, అది ముఖం మీంచి ఎప్పుడూ దిగదు కాబట్టి.

"మేడమ్! మీకోసమే చూస్తున్నాను. మీ పుస్తకం అద్భుతం. ముఖ్యంగా ఆ చివరి పేజీ. నిజం చెప్తున్నాను, కళ్లనీళ్లు వచ్చాయి. మేం లక్షలు పోసి సర్వేలు చేయిస్తాం, జనానికి ఏం కావాలో తెలియదు. మీరు ఆరు వాక్యాల్లో రాసేశారు."

భర్త కోసం రాసిన మాటలు. ఆయన కళ్ల కంటే ముందు ఈ చిరునవ్వు వాటి మీద తిరిగింది.

"పుస్తకం ఇవ్వండి" అంది.

"తప్పకుండా మేడమ్, సభ కాగానే. ఇంత ఎండలో ఎందుకు, లోపలికి రండి అందరూ. ఏమ్మా, వీళ్లకి గుర్తులు అక్కర్లేదు, పంపించండి" అని గుమ్మం వైపు కేకేసి లోపలికి వెళ్లిపోయాడు. వరండాలో ఒక్కరూ లేవలేదు.

ఆ కేక విని భర్త బయటికొచ్చాడు. కొత్త చొక్కా, చేతిలో కాగితాలు. గచ్చు మీద కూర్చున్న భార్యను చూశాడు. స్తంభం దగ్గర టైలరక్కను చూశాడు. కాగితాలు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

ఫ్యూజు బాబాయి కుర్చీలోంచి లేచి, తువ్వాలుతో దాన్ని దులిపాడు. "రావయ్యా సెక్రటరీ. ఖాళీగానే ఉంది."

అది వెక్కిరింపు కాదు, ఆ గదిలో ఎవరు ఎవర్ని పిలిచినా అలాగే పిలుస్తారు. ఆయన ఒక్క క్షణం వెనక్కి, వెలుగులు నిండిన హాలు వైపు చూశాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు. విరిగిన చేతి వైపు మోచెయ్యి పెట్టబోయి, అలవాటుగా తీసేశాడు.

"ఈ వారం నేను చెడగొట్టింది..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "తప్పుల పుస్తకం నేనే ఇచ్చాను. పేర్ల కోసం అడిగారు. పేర్లు విడిగా రాసివ్వడానికి బద్ధకించి, పుస్తకమే ఇచ్చేశాను. టీచరుకి తెలియదు. ఈ పొద్దు దాకా తెలియదు. మీకు వస్తున్న ఫోన్లు నా వల్లే."

ఎప్పుడూ ముందుగా అడిగేది టీచరమ్మే. అందరూ ఆమె వైపు చూశారు. ఆమెకు ఆ రెండు మాటలూ గుండెలో ఉన్నాయి, నోట్లోకి రాలేదు.

"ఎలా బాగుచేద్దాం?" అని అడిగింది టైలరక్క. గొంతు పొడిగా ఉంది. కానీ అడిగింది. అడిగి, స్తంభం వదిలి వచ్చి కుర్చీ పక్కన కూర్చుంది.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ముందు పుస్తకం తెస్తాను. తర్వాత నాలుగొందల మందికీ నేనే ఫోను చేసి, జరిగింది చెప్తాను. ఆ కంపెనీ అమ్మాయి చేసినంత తియ్యగా చెయ్యలేను గానీ."

"ఒక్కడివే ఎక్కడ చేస్తావులే. సగం నాకివ్వు" అన్నాడు ఫ్యూజు బాబాయి. "బొత్తాల ఫోనైనా మాట బాగానే వెళ్తుంది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వినగానే టీచరమ్మకు మేడమీది గది, అగ్గిపుల్లల పటం, వానకు ముందరి శనివారాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆయన లేచి గబగబా లోపలికి నడిచాడు. వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద చెయ్యి వేసి తీశాడు. అంత చిన్న స్పర్శకు ఇన్నాళ్లుగా ఆకలితో ఉన్నానని ఆమెకు అప్పుడే తెలిసింది. ఇంటికి వెళ్లాక తనే ఆ పేజీ తీసి ఆయన ముందు పెట్టాలనుకుంది. టీకప్పు పక్కకి జరిపి మరీ పెట్టాలనుకుంది.

రెండు నిమిషాల్లో ఆయన గుమ్మంలో కనిపించాడు. చేతిలో నీలం పుస్తకం ఉంది. ముఖంలో గెలిచిన పిల్లాడి సంతోషం ఉంది. "దొరికింది!" అంటూ పుస్తకం పైకెత్తాడు. అట్ట తెరుచుకుంది. చివర్న చింపిన కాగితం అంచు వేలాడింది.

అదే క్షణంలో లోపల మైకు గరగరమంది.

"మిత్రులారా, మీ అందరి మనసులో ఉన్న మాట ఒక సోదరి రాశారు. వినండి" అంది చిరునవ్వు గొంతు. "'ఈ వారం నేను చెడగొట్టింది ఏమిటో నాకు తెలియడం లేదు. వాన పడుతోంది. గదికి ఎవరూ రాలేదు. నువ్వు కూడా రాలేదు. కుర్చీలో నేనే కూర్చున్నాను, అడగడానికి ఎదురుగా మనిషి లేడు. నువ్వే అడుగుతావని రాస్తున్నాను: ఎలా బాగుచేద్దాం?'"

ఆయన ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఈ ప్రశ్నకు మా కంపెనీ దగ్గర జవాబుంది!" అంది మైకు. హాలంతా చప్పట్లు మోగాయి.

గుమ్మంలో నిలబడి ఆయన ఆమె వైపు చూశాడు. నెలలుగా ఆమె ఆ చూపు కోసమే కాచుకుని ఉంది. తీరా వచ్చేసరికి తలెత్తి దాన్ని అందుకోవడానికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఎప్పుడు రాశావిది?" అన్నాడు. ఆ మాట చప్పట్లలో సగమే వినిపించింది.

"నాలుగు వారాలైంది" అందామె. "ప్రతి ఆదివారం నీ టీ పక్కనే పెట్టాను."

"సెక్రటరీగారూ!" అని మైకు పిలిచింది. "వేదిక మీదికి రండి సార్, అందరూ మీకోసమే చూస్తున్నారు."

ఆయన ఒక కాలు గుమ్మానికి లోపల ఉంది, ఒకటి బయట ఉంది. వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. లోపల్నుంచి మళ్లీ పిలిచారు.